మేము – మనము : సెలంగోరు ఏటిమొగలో తెలుగు వ్యాకరణము



ఈ సంచికకు వ్యాసము వ్రాయమని కార్యవర్గము వారు కోరినప్పుడు కవిత్రయము గురించియో, త్యాగయ్యగారి గురించియో వ్రాయవలెనని మొదట అనుకొన్నాము. కాని కౌలా సెలంగోర్‌లో మేము నడుపుతున్న ఆదివారపు తెలుగు తరగతిలో బయటపడిన చిన్న సంగతి ఒకటి మా మనస్సును పట్టుకొని వదలలేదు. అందువలన దానితోనే ప్రారంభిస్తున్నాము.

తరగతికి వచ్చే పదేళ్ళ కుర్రవాడు ఒకడు ఒక శుక్రవారము సాయంత్రము వాళ్ళ నాయనమ్మ దగ్గర కూర్చొని, తనకు వచ్చిన తెలుగులో ఉత్సాహముగా చెప్పాడు: "నానమ్మా, మేము రేపు గుడికి వెళ్తున్నాము." ఆమె తోటలో పుట్టి తోటలో పెరిగిన మనిషి. నోటిలో ఇప్పటికీ శ్రీకాకుళం వైపు యాసే. "అలాగే ఎల్లి రండి నాయనా, నాను ఇంటికాడ ఉంటాను" అన్నది. మరునాడు కారు బయలుదేరే వేళకు అందరూ సిద్ధము. ఆమె మాత్రము పాత చీరతో వంటింట్లోనే ఉన్నది. "అదేమిటమ్మా, తయారు కాలేదా?" అని కొడుకు అడిగితే, "మీరు ఎల్తున్నారని చెప్పాడు గాని, నన్ను రమ్మన్నాడా ఏటి?" అన్నది. ఆ మాటలో కోపము లేదు. చిన్నబుచ్చుకొన్న మనిషి గొంతు ఉన్నది.

కుర్రవాడు బిక్కమొగము వేశాడు. వాడి ఉద్దేశములో నాయనమ్మ మొదటినుంచీ ఉన్నది. ఇంగ్లీషులో "వుయ్" అని తలచుకొని, దానికి తెలుగులో తోచిన మొదటి మాట "మేము" వాడాడు. "మనము" అని ఉంటే ఆమె రాత్రే చీర తీసి పెట్టుకొనేది.

వ్యాకరణము పండితులకు కావలసినది గాని ఇళ్ళలో మాట్లాడుకొనేవారికి దేనికి అని అడిగే మిత్రులు కొందరున్నారు. వారికి మేము ఈ కథనే చెబుతున్నాము. ఒక సర్వనామము తప్పితే ఒక పెద్ద ప్రాణము ఇంటివద్ద ఉండిపోవలసి వచ్చినది.

ఊరి పేరులో ఉన్న పాఠము

మా ఊరి పేరే మొదటి వ్యాకరణ పాఠము. మలయ భాషలో "కౌలా" అంటే నది సముద్రములో కలిసే చోటు. సెలంగోరు నది మలాక్కా జలసంధిలో కలిసే చోటు గనుక ఇది కౌలా సెలంగోర్. మన కోస్తావారు ఇట్టి చోటును "మొగ" అంటారు. కాకినాడలో ఏటిమొగ అనే పేట ఉన్నది. కాబట్టి మా ఊరు తెలుగులో "సెలంగోరు ఏటిమొగ". మలయ భాషలో ముందు "మొగ", తరువాత నది పేరు. తెలుగులో ముందు నది, తరువాత మొగ. విశేషణము ముందు నిలిచి విశేష్యము వెనుక రావడము తెలుగు పద్ధతి. మలయ పద్ధతి దీనికి తలక్రిందులు. "పెద్ద ఇల్లు" అని మనము అనే చోట వారు "ఇల్లు పెద్ద" అన్నట్లుగా చెబుతారు.

"ఏటి" అనే మాటను కూడా కొంచెము చూడండి. "ఏఱు" అనే నామవాచకము విభక్తి చేరేముందు "ఏటి" అవుతుంది. సంవత్సరమనే అర్థముగల "ఏడు" కూడా "ఏటి" అవుతుంది: ఈ ఏటి పంట. ఇక ఉత్తరాంధ్రనుంచి వచ్చిన మా పెద్దల నోట "ఏటి" అంటే "ఏమిటి". ఒకే మాటలో మూడు అర్థములు! శ్లేషాలంకారమునకు ఉదాహరణ కోసము వసుచరిత్ర వరకు వెళ్ళనక్కరలేదు. నాయనమ్మ వంటింటి గుమ్మము దాకా వెళ్ళితే చాలును.

ఈ ఏటిమొగ చరిత్ర కూడా చిన్నది కాదు. పూర్వపు సెలంగోరు సుల్తానులకు ఇది ముఖ్యపట్టణము. మెలావతి కొండపై కోటను 1784లో డచ్చివారు పట్టుకొన్నారు. ఆంగ్లేయుల పాలనలో రబ్బరు తోటలు, కొబ్బరి తోటలు వెలిశాయి. ఈ జిల్లాలోని తెన్నమరం ఎస్టేటులో 1917లో హెన్రీ ఫోకోనియే అనే ఫ్రెంచి దొర వేయించిన తోటే మలయాలో వ్యాపారరీతిని వేసిన మొదటి ఆయిల్‌పామ్ తోట. "తెన్నమరం" అంటే తమిళములో కొబ్బరిచెట్టు. ఆ "మరం"కు చుట్టమే మన "మ్రాను". కొబ్బరిచెట్టు పేరుగల తోటలో నూనెతాళ్ళు పెరిగి దేశానికి పేరు తెచ్చాయి.

తోటబడి

మన పూర్వులు ఈ తోటలకు ఎట్లు వచ్చారో మీకు తెలియనిది కాదు. ఒప్పందపు కూలీ పద్ధతి 1910లో రద్దయినది. కంగాణీలు ఊళ్ళకు వెళ్ళి మనుషులను తీసుకొనివచ్చే పద్ధతి 1938లో ఆగినది. ఈ లోపల విశాఖపట్నము, గోదావరి ప్రాంతములనుంచి, గంజాము వైపునుంచి తెలుగువారు వచ్చి తోట లైన్లలో కాపురములు పెట్టారు. 1923 నాటి లేబర్ కోడ్ ప్రకారము బడియీడు పిల్లలు పదిమంది ఉన్న తోటలో యజమానులు బడి పెట్టించవలసి ఉండేది. తెలుగు పిల్లలు తగినంతమంది ఉన్న చోట తెలుగు బడి, లేనిచోట తమిళబడి. బడి అంటే రేకుల కప్పు, ఒక నల్లబల్ల, అన్ని తరగతులకూ ఒకే పంతులుగారు. చాలాచోట్ల కథ ఇంతే. అయినా అక్కడ ఓనమాలు, గుణింతాలు, వేమన పద్యాలు, ఎక్కాలు చెప్పారు. భాషాభాగములు ఐదని చెప్పారు: నామవాచకము, సర్వనామము, విశేషణము, క్రియ, అవ్యయము.

ఆ ఐదింటి వెనుక ఎంత చరిత్ర ఉన్నదో ఆ పిల్లలకు తెలియదు. 13వ శతాబ్దిలో కేతన తెలుగునకు తెలుగులోనే పద్యములతో వ్యాకరణము వ్రాశాడు. అది ఆంధ్రభాషాభూషణము. 1858లో పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణము వెలువడినది. సంజ్ఞ మొదలు ప్రకీర్ణకము వరకు పది పరిచ్ఛేదములు. పేరుకు బాలవ్యాకరణమే గాని పెద్దలకు కూడా చెమటలు పట్టించే గ్రంథము. అది చెప్పేది కావ్యభాషకు. మాట్లాడే భాషకు కూడా నియమములున్నవని, దానిని బడిలోనికి రానివ్వవలెనని తరువాత గిడుగు రామమూర్తిగారు జీవితమంతా పోరాడారు.

ఈ మధ్యలో ఇంకొక వ్యాకరణమున్నది. 1816లో మద్రాసులో ఎ.డి. కాంబెల్ దొర తెలుగు వ్యాకరణమును ఇంగ్లీషులో అచ్చు వేయించాడు. అది సెంట్ జార్జి కోట కళాశాలలో చదివే కంపెనీ కుర్రదొరల కోసము. ఆ గ్రంథము ముందుమాటకు చేర్చిన వ్యాఖ్యలో ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్, తెలుగు సంస్కృతమునుంచి పుట్టినది కాదని, తమిళ కన్నడములతో ఒకే కుటుంబమునకు చెందినదని నిరూపించాడు. నాడు తెలుగు రాని పరాయి పిల్లల కోసము ఒక వ్యాకరణము కావలసి వచ్చినది. నేడు తెలుగు రాని మన పిల్లల కోసమే అటువంటిది కావలసి వస్తున్నది. ఈ మాట వ్రాస్తున్నప్పుడు మాకు కష్టముగానే ఉన్నది.

ఇద్దరు ఒకే చోట చేసిన అప్పు

కడప జిల్లా కలమళ్ళలో దొరికిన శాసనము 6వ శతాబ్ది నాటిది. తెలుగులో మనకు తెలిసిన శాసనములలో అదే అతిప్రాచీనమని పండితుల మాట. సుమత్రా దీవిలో పాలెంబాంగ్ వద్ద దొరికిన కెడుకన్ బుకిత్ శాసనము 7వ శతాబ్దిది. అది ప్రాచీన మలయ భాషలో, పల్లవుల లిపిలో ఉన్నది. అంటే ఇంచుమించు ఒకే కాలములో ఈ రెండు భాషలు రాతిమీదికి ఎక్కాయి. రెండూ సంస్కృతము దగ్గర మాటలు అప్పు తెచ్చుకొన్నాయి.

ఆ అప్పు నేటికీ మన పిల్లల బడిసంచిలో ఉన్నది. మలయ భాషలో "బహాసా" మన భాష. "అక్సారా" మన అక్షరము. నామవాచకమును వారు "కాతా నామా" అంటారు. "కాతా" అంటే మాట, అది మన కథ. "నామా" మన నామమే. క్రియకు "కాతా కెర్జా" అని పేరు. "కెర్జా" మన కార్యము. కార్యము, క్రియ ఒకే ధాతువు బిడ్డలు. సర్వనామమునకు "కాతా గంతి నామా". గంతి అంటే బదులు. "పేరుకు బదులు వచ్చే మాట" అని తోటబడి పంతులుగారు చెప్పిన నిర్వచనమే అక్కడ పేరుగా ఉన్నది! "పెరిబహాసా" అంటే వారికి సామెత. మన పరిభాషే, అర్థము మార్చుకొని ఆ ఊళ్ళో స్థిరపడినది.

ఈ సంగతి గ్రహించిన తరువాత మేము పాఠము చెప్పే పద్ధతి మార్చుకొన్నాము. "నామవాచకము" అని నల్లబల్లపై వ్రాస్తే బిత్తరపోయిన పిల్లలు, ప్రక్కనే "కాతా నామా" అని వ్రాయగానే "ఇదా!" అన్నారు.

తేడాలు కూడా చెప్పవలెను. మలయ క్రియ కర్తను బట్టి మారదు. తెలుగు క్రియ వచ్చాను, వచ్చావు, వచ్చాడు, వచ్చింది అని కర్త వెంట నడుస్తుంది. మలయ భాషలో "దియా" అంటే ఆడవారైనా మగవారైనా సరే. తెలుగులో వాడు, అతడు, ఆయన, ఆమె, అది అని ఎంచుకోవలెను. ఇక్కడే మన పిల్లలు తాతగారిని "వాడు వచ్చాడు" అని నవ్వులపాలవుతున్నారు. అది మర్యాద తెలియక కాదు. మర్యాదను సర్వనామములో, క్రియలో చూపే భాష వారికి ఇంట్లో తగినంతగా వినబడక.

మిణుగురుల చెట్టు

అలంకారముల పాఠమునకు కూడా మాకు ఊరిలోనే బల్ల దొరికినది. కంపుంగ్ క్వాంతన్ వద్ద సెలంగోరు నది ఒడ్డున బెరెంబాంగ్ చెట్లపై చీకటి పడగానే వేల మిణుగురులు ఒకేసారి వెలిగి ఒకేసారి ఆరిపోతుంటాయి. మిణుగురును మలయ భాషలో "కెలిప్-కెలిప్" అంటారు. కెలిప్ అంటే రెప్పపాటు. ఆ మాటను రెండుసార్లు చెబితే పురుగు పేరైనది. మనము "మిణుకు మిణుకుమంటున్నది" అంటాము. మాటను రెండుసార్లు పలికినప్పుడు రెండవదానికి మన వ్యాకరణములో ఆమ్రేడితమని పేరు.

పిల్లలను ఒక రాత్రి పడవలో తీసుకొనిపోయి చూపించాము. తరువాత తరగతిలో ఎవరికి తోచినట్లు వారిని చెప్పమన్నాము.

"ఆ చెట్టు దీపాలు పెట్టిన రథములాగా మెరిసింది" అన్నది ఒక పిల్ల. ఇది ఉపమ. చెట్టు ఉపమేయము, రథము ఉపమానము, లాగా అనేది ఉపమావాచకము, మెరవడము సమానధర్మము. నాలుగూ ఉన్నవి గనుక పూర్ణోపమ. "చెట్టు దీపారాధన చేస్తున్నదేమో అనిపించింది" అన్నాడు ఇంకొకడు. ఊహించి చెప్పాడు గనుక ఉత్ప్రేక్ష. "అది దీపాల రథమే" అంటే భేదము లేకుండా ఆరోపించాడు గనుక రూపకము. "నక్షత్రాలన్నీ దిగివచ్చాయి, ఆకాశము ఖాళీ అయింది" అంటే అతిశయోక్తి. చివర కూర్చున్న పిల్లవాడు మాత్రము "వెలిగాయి, ఆరాయి, మళ్ళీ వెలిగాయి, దోమలు కుట్టాయి" అన్నాడు. అందరూ నవ్వారు. ఉన్నది ఉన్నట్లు మనోహరముగా చెబితే దానిని స్వభావోక్తి అంటారని మేము వానిని సమర్థించాము.

మలయ భాషలో ఉపమకు "ఉంపామా" అని పేరు. మన "వలె, లాగా" వంటి ఉపమావాచకములకు వారు సెపెర్తి, బగై, ఉంపామా, లక్సానా అంటారు. చివరిది మన లక్షణమే. లోకజ్ఞానము లేనివానిని వారు కొబ్బరిచిప్ప క్రింది కప్పతో పోలుస్తారు. మనము నూతిలో కప్ప అంటాము. కప్ప ఒకటే. మనది నుయ్యి, వారిది కొబ్బరిచిప్ప. ఏ ఊరి ఉపమానము ఆ ఊరి పెరటిలో దొరుకుతుంది.

వారి "పంతున్" పద్యము నాలుగు పాదములు. 2020లో యునెస్కో దీనిని మానవజాతి అమూర్త వారసత్వములో చేర్చినది. మొదటి రెండు పాదములను "పెంబాయాంగ్" అంటారు. బాయాంగ్ అంటే నీడ. తరువాతి రెండు పాదములలో చెప్పదలచిన అర్థము వస్తుంది. ముందు నీడ, వెనుక వస్తువు. మన దృష్టాంతాలంకారమును బింబప్రతిబింబభావమని లాక్షణికులు నిర్వచించారు. సి.పి. బ్రౌను 1829లో అచ్చు వేయించిన వేమన పద్యములలో ఈ అలంకారము అడుగడుగునా కనబడుతుంది. రెండూ ఒకటేనని మేము అనము. పంతున్‌లో నీడకూ వస్తువుకూ సంబంధము ఒక్కొక్కసారి ధ్వనిమాత్రమే. అది ప్రాసను పాదము చివర పెట్టుకొంటుంది. మన పద్యము రెండవ అక్షరములో పెట్టుకొంటుంది. అయినా పంతున్ వచ్చిన పిల్లకు వేమన పద్యము పరాయిది కాదు.

కామి – కితా

ఇప్పుడు మొదటి కథకు వద్దాము. గుడి సంగతి విన్న తరువాతి ఆదివారము మేము తరగతిలో "మేము, మనము" అనే రెండు మాటలు వ్రాసి తేడా అడిగాము. ఒక్కరూ పలకలేదు. ప్రక్కనే "కామి, కితా" అని వ్రాశాము. చేతులన్నీ లేచాయి. "కామి అంటే వినేవాళ్ళు లేరు, కితా అంటే వినేవాళ్ళు కూడా ఉన్నారు" అని ఆ కుర్రవాడే గుక్కతిప్పుకోకుండా చెప్పాడు. చెప్పి, ఒక్క క్షణము ఆగి, "అయితే నానమ్మ..." అన్నాడు. తరువాత మేము చెప్పవలసినది ఏమీ మిగలలేదు.

ఇందులో ఒక చిత్రమున్నది. నామము, భాష, ఉపమ ఇవన్నీ ఇరువురూ సంస్కృతము దగ్గర తెచ్చుకొన్నవి. ఈ భేదము మాత్రము అప్పు కాదు. సంస్కృతములో "వయమ్" ఒక్కటే. ఇంగ్లీషులోనూ ఒక్కటే. మేము–మనము మనకు ద్రావిడ కుటుంబమునుంచి పుట్టుకతో వచ్చినది. కామి–కితా వారికి తమ ద్వీపముల భాషాకుటుంబమునుంచి వచ్చినది. ఎదుటివానిని కలుపుకొని చెబుతున్నామా, కలుపుకోకుండా చెబుతున్నామా అన్నది రెండు జాతులవారూ వేరువేరుగా ఆలోచించి సర్వనామములో పెట్టుకొన్నారు. పైగా తెలుగులో క్రియ ఇక్కడ సహాయము చేయదు. మేము వెళ్తున్నాము, మనము వెళ్తున్నాము. క్రియ ఒకటే. భారమంతా ఆ చిన్న సర్వనామము మీదనే.

తోటల్లోని తెలుగు బళ్ళు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. తోటలు చేతులు మారాయి, రబ్బరు పోయి ఆయిల్‌పామ్ వచ్చింది, కుటుంబాలు పట్టణాలకు చేరాయి. 1955లో ఆంధ్ర సంఘము ఏర్పడినది. 1981లో కౌలాలంపూరులో రెండవ ప్రపంచ తెలుగు మహాసభలు జరిగాయి. ఆ సభలు జరిగిన దేశములోనే బడి లేని తెలుగు ఇంటి తెలుగైనది. ఇంటి తెలుగు వంటింటి తెలుగైనది. మలయ భాష జాతీయభాష. దానిని మన పిల్లలు చక్కగా నేర్వవలసినదే. అదే రాజ్యాంగపు 152వ అధికరణము ఇతర భాషలను నేర్చుకొనడానికి, నేర్పడానికి అడ్డు లేదని కూడా చెప్పినది. ఆ తలుపు తెరిచే ఉన్నది. లోపలికి నడవవలసినది మనవారే.

కావున మా మనవి ఇది. పిల్లలకు తెలుగు వ్యాకరణము చెప్పేటప్పుడు మద్రాసు నుంచో, హైదరాబాదు నుంచో వచ్చిన పుస్తకము ఒక్కటే చాలదు. వారికి వచ్చిన మలయ వ్యాకరణమును మెట్టుగా వాడుకోవలెను. పెద్దల నోటిలోని "ఏటి", "నాను", "ఇంటికాడ" వంటి మాటలను తప్పులని కొట్టివేయక వ్రాసి దాచవలెను. ఇంట్లో ఏ పని తలపెట్టినా పిల్లలచేత "మనము" అనిపించవలెను.

పై నెలలో ఆ కుర్రవాడు మళ్ళీ చెప్పాడట: "నానమ్మా, మనము రేపు గుడికి వెళ్తున్నాము." ఆమె ఏమీ అనలేదట. లేచి వెళ్ళి పెట్టె తీసి జరీచీర దులిపి బయట పెట్టుకొన్నదట.

ఇంతసేపు "మేము" అని వ్రాసినది కౌలా సెలంగోర్ తరగతివారి మాట. ఇక చేయవలసిన పని మాత్రము మనది.

స్వస్తి.